కందిపొడి దగ్గు

పోయిన చలికాలమంతా వీపున పది పౌండ్ల సోనామసూరి సంచి మోసుకుని నేపర్‌విల్‌లో మా ఇంటి వెనక నడిచే ట్రెయిల్ మీద తిరిగాను. బ్యాక్‌ప్యాక్‌లో ఇటుకలు వేసుకోమని ఎవరో సలహా ఇచ్చారు గానీ, ఇంట్లో బియ్యం ఉండగా ఇటుకల కోసం వెతుక్కోవడం నాకు నచ్చలేదు. మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి ఏడాది. గాబన్ దేశపు అడవిలో గొరిల్లాలని చూడాలంటే బురదలో, చెట్ల వేర్ల మీద నాలుగు గంటలు నడవగలగాలని ట్రిప్ కంపెనీ వాళ్లు ముందే రాసి పంపారు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఆ మాట చదివితే భయం వెయ్యాలి. నాకు పౌరుషం వచ్చింది. మంచు కురిసినా, మోకాలు వాచినా మానలేదు. వాస్తే ఐస్ పెట్టుకుని మర్నాడు మళ్లీ బయల్దేరేదాన్ని.

హాయిగా కార్లో జూకి వెళ్లి చూసి రాక ఆ దోమల్లోకి ఎందుకని, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒకావిడ అడిగింది. ముప్పై ఏళ్లు ఊపిరితిత్తుల డాక్టర్‌గా చేశాను, అద్దాల తలుపుల వెనక ప్రాణులని చూసి చూసి విసుగెత్తిందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

మా ఆయన రిటైరైన ఇంజనీరు. ఆయనకి పక్షుల పిచ్చి. గొరిల్లాలు నావి, పక్షులు ఆయనవి అని పంచుకుని బయల్దేరాం. మొత్తం ఎనిమిది మందిమి. ముందు సముద్రతీరం చూపించారు. సాయంత్రం చెట్లలోంచి ఒక ఏనుగు ఇసుకలోకి నడిచొచ్చి, అలల పక్కన కాసేపు నిలబడి, ఎవరింటికో వచ్చి తలుపు తట్టకుండానే వెళ్లిపోయినట్టు వెనక్కి వెళ్లిపోయింది. అందరం నోరు తెరుచుకుని చూశాం. నేను మాత్రం మనసులో రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. గొరిల్లాల దగ్గరికి మాకు దొరికింది ఒక్క రోజు, అదీ ఒక్క గంట.

మా గైడ్ ఆ దేశపువాడే. నలభై ఏళ్లుంటాయి. మెల్లగా మాట్లాడతాడు గానీ ఒక నియమం దగ్గర మాత్రం రాయి. మన జలుబు గొరిల్లాలకి అంటుకుంటుందట. మనకి మూడు రోజుల ముక్కు చీదుడు, వాటికి ప్రాణం మీదికొస్తుంది. అందుకని దగ్గినవాళ్లు, తుమ్మినవాళ్లు క్యాంపులోనే ఉండాలి. బాగున్నవాళ్లు కూడా మాస్కు వేసుకోవాలి. అది విని నేనే అందరికంటే గట్టిగా తలూపాను.

అడవి క్యాంపు చేరిన సాయంత్రం గొంతులో గర మొదలైంది. జీపు దారిలో దుమ్మని మా ఆయనకి చెప్పి, ఉప్పునీళ్లు రెండుసార్లు పుక్కిలించాను. ఆయన నా వంక ఒకసారి చూసి బైనాక్యులర్స్ తుడుచుకోవడంలో పడ్డారు. ఇదే మాట ఏ పేషెంటైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. నేను చెప్పాను కాబట్టి నమ్మాను.

పొద్దున్న టిఫిన్‌కి ఉడకబెట్టిన అరటికాయ ముక్కలు పెట్టారు. మన బుద్ధి ఎక్కడికి పోతుంది? సంచీలోంచి కందిపొడి డబ్బా తీశాను. రెండో ముక్కకే పొలమారింది. కళ్లలో నీళ్లు, ఒకటే దగ్గు. ఎవరో తలుచుకుంటున్నారంటూ మా ఆయన నా నెత్తి మీద తట్టడం మొదలెట్టారు. గైడ్ కప్పు కింద పెట్టి లేచొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

నేను దగ్గుతూనే డబ్బా చూపించాను. వాసన చూసి అతను చిటికెడు నోట్లో వేసుకున్నాడు. క్షణంలో అతనికీ పొలమారింది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. మీకేం లేదు, రండి అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ కందిపొడిని దేవుడే సంచీలో పెట్టించాడనుకున్నాను.

దారి మొదట్లో మాస్కులు పంచారు. మొహానికి తగిలించుకోగానే నా ఊపిరే వెచ్చగా నాకు తగిలింది, గొంతులో ఆ గర మళ్లీ తెలిసింది. కొవిడ్ రోజుల్లో మా హాస్పిటల్ పార్కింగ్ లాట్‌లో నిలబడిన ఒకమ్మాయి గుర్తొచ్చింది. లోపల వాళ్ల నాన్న పోతున్నాడు. ఒక్కసారి తలుపు దగ్గర్నుంచైనా చూస్తానంది. ఆ అమ్మాయికి దగ్గుంది. నేను వీల్లేదన్నాను. ఆ అమ్మాయి ఏడవలేదు. నా స్థానంలో మీరుంటే ఆగేవారా అని మాత్రం అడిగింది. ఆగేదాన్నని వెంటనే చెప్పేశాను. ఇంకా పదిమంది పేషెంట్లున్నారు నాకు, ఆలోచించే తీరిక లేదు.

ముందు నలుగురు నడక మొదలెట్టారు. నేను కదల్లేదు.

మా ఆయనకి అర్థమైపోయింది. దగ్గరికొచ్చి తెలుగులో అన్నారు. "పొడే కదా. అతను కూడా ఓకే అన్నాడుగా. చలికాలమంతా బియ్యం మోశావు నువ్వు."

"పొడి కాదండీ. నిన్నట్నుంచే ఉంది."

గైడ్‌కి ఇంగ్లీషులో నేనే చెప్పాను, నిన్నే చెప్పాల్సింది అని కూడా చెప్పాను. అతను నా వంక చూసి, తర్వాత మా ఆయన వంక చూశాడు. ఒకే గదిలో పడుకున్న మనిషి. నాకప్పుడు తట్టింది, ఆపేస్తున్నది నన్నొక్కదాన్నే కాదని. మా ఆయన ఎవరూ అడక్కముందే మాస్కు తీసి జేబులో పెట్టుకున్నారు.

క్యాంపుకి తిరిగొచ్చేదాకా ఆయన నాకంటే పదడుగులు ముందే నడిచారు. వరండాలో కూర్చుని కోపంతో ఏడ్చాను. మోకాలి మీద, గొంతు మీద, ఆ దిక్కుమాలిన నిజాయితీ మీద కోపం. మధ్యాహ్నానికి జ్వరం తగిలింది. థర్మామీటర్ చూసి సంతోషపడ్డ డాక్టర్‌ని నేనొక్కదాన్నేనేమో. మా ఆయనకి చూపించాను. ఆయన చూసి, నీళ్లు కాచి తెచ్చి, పక్కనే కూర్చున్నారు. నా మీద కోపం పోయిందా అని నేనడిగితే ఇంకా సగం ఉందన్నారు.

సాయంత్రం మిగతావాళ్లు మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చారు. గైడ్ మా వరండా మెట్ల కిందే ఆగాడు. గొరిల్లాల గుంపులో ఒక తల్లికి నెల నిండని పిల్ల ఉందట. ఇన్నాళ్లూ మనుషుల వైపు వీపు తిప్పి దాచుకునేదట.

"ఇవాళ ఇటు తిరిగి కూర్చుంది. పిల్లని మాకు చూపించింది," అన్నాడు. "ఎవరూ దగ్గలేదు."

అసూయతో గుండె మండింది. ఆ మాటే అతనితో అన్నాను. మళ్లీ రమ్మన్నాడు.

వెళ్తున్నాం. ఈసారి సంచీలో బియ్యం పదిహేను పౌండ్లకి పెంచాను. మా ఆయన కూడా ఒక సంచి తగిలించుకున్నారు, పక్షుల పుస్తకాలతో కలిపి. ట్రెయిల్ మీద, పార్కింగ్ లాట్‌లో నిలబడిన ఆ అమ్మాయి వయసువాళ్లు ఎదురైతే మొహంలోకి చూస్తున్నాను. ఎక్కడుందో తెలీదు, నన్ను క్షమించిందో లేదో అసలే తెలీదు. కనిపిస్తే చెప్పాలి. ఆరోజు మీకు ఆలోచించకుండా జవాబిచ్చాను, కానీ ఆగానమ్మా అని.