స్టిక్కర్ మీద రాజలింగు

అబుదాబి దగ్గర ముసఫ్ఫాలోని మాంసం గోదాములో రాజలింగు రోజంతా బీఫ్ డబ్బాలకు ఆకుపచ్చ స్టిక్కర్లు అతికిస్తాడు. ‘పచ్చిక మేసిన పశువు, భూమికి మేలు’ అని వాటి మీద ఉంటుంది. జగిత్యాల దగ్గర తరతరాలుగా ఆవులు కాసిన ఇల్లు వాళ్లది. అందుకే ఖర్జూరాల గోదాములో పనని ఇంట్లో చెప్పాడు. నిజం తెలిస్తే తల్లి అతని చేతి నీళ్లు ముట్టదు.

ఓ రోజు డబ్బా పగిలి, లోపలి తెల్లటి కొవ్వు బయటపడింది. గడ్డి తింటే కొవ్వు పసుపు తిరుగుతుందనీ, ఇవన్నీ షెడ్డుల్లో మక్కజొన్నలు తిన్నవేననీ కసాయి రషీద్ భాయ్ గొంతు తగ్గించి చెప్పాడు. అప్పట్నుంచీ రాజలింగు స్టిక్కర్ మీది రాత చూడకుండానే అతికించేవాడు.

ఆ వారమే కంపెనీ ప్రకటన తీసే మేడమ్ కెమెరాతో వచ్చింది. ఆవులు కాసినవాడివట, ఈ డబ్బాల్లోవేం మేశాయి, ఊళ్లో నీ ఆవులేం మేసేవని హిందీలో అడిగింది. వెనక ముదీర్, అంటే గోదాము మేనేజరు, నిలబడి చూస్తున్నాడు. డబ్బాల గుట్టు విప్పితే వీసా ఖలాస్. అబద్ధమాడదామంటే నోరు రాలేదు. అందుకని ఊళ్లోని తన గౌర ఆవు గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. వానలు పడ్డాక పొలం గెట్ల మీది గరిక తప్ప అది ఇంకేదీ ముట్టేది కాదన్నాడు. మేడమ్ మురిసిపోయింది. గండం గడిచిందనుకున్నాడు రాజలింగు.

నెల తిరిగేసరికి కొత్త స్టిక్కర్ల చుట్టలు దిగాయి. ప్రతిదాని మీదా అతని నవ్వు ముఖం, కింద ఆ గరిక మాట. ఈ డబ్బాలు పోయేది బనియాస్ దుకాణాలకే. ఇక్కడ పనికొచ్చిన అతని ఊరివాళ్లు సరుకులు కొనేదీ అక్కడే.

“యల్లా, రాజలింగు,” అని తొందరపెట్టాడు ముదీర్.

రాజలింగు మొదటి డబ్బా ముందుకు లాక్కున్నాడు. స్టిక్కర్ మీది తన కళ్లపై బొటనవేలు పెట్టి, ఊడిపోకుండా గట్టిగా ఒత్తాడు.