ఎన్నికల తర్వాత వచ్చే సారు

రాయచూరు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే గుండేరావు ఎన్నికలు ముగిశాక ఊళ్లు తిరుగుతాడు. ఎవరు ఓటు వేశారు, వేయనివాళ్లు ఎందుకు వేయలేదు అన్నది ఆయన పరిశోధన. బస్సు దిగగానే కళ్లద్దాల మీది దుమ్ము ధోవతి అంచుతో తుడుచుకుంటాడు. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగి, తర్వాతే కలం తీస్తాడు. "తీరిక లేకుండె సారూ" అన్న జవాబు విని విని, ఈమధ్య అడగకముందే అలసిపోతున్నాడు.

పందొమ్మిది వందల అరవై ఏడులో ఎన్నికలయ్యాక ఒక సాయంత్రం తుర్విహాళకు వెళ్లాడు. ముసలి యంకవ్వ కాలువ కింద నాట్లు వేసి అప్పుడే ఇల్లు చేరింది. ఆయన నోట ఓటు మాట వినగానే బురద చెయ్యి చీరకు తుడుచుకుని వేలు చాపింది.

"వచ్చినవా అప్పా! ఆ దినం పొలమాయన నాటు అయ్యేదాంక ఇడువలే. నేను ఉరికొచ్చేసరికి తలుపు మూసిండ్రు. పెట్టు, ఇంకు పెట్టు."

"ఓట్లు అయిపోయినయవ్వా. ఎందుకు ఏయలేదో రాసుకుందామని వచ్చిన."

యంకవ్వ వేలు వెంటనే దించలేదు. గుండేరావు తన కాగితంలో లేని ప్రశ్న అడిగాడు. "ఎవరికి ఏద్దామనుకుంటివి?"

ఆమె అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, ఆయన చెవిలో ఒక పేరు చెప్పింది. ఆయన తల ఊపి కలానికి మూత పెట్టాడు. ఆ పేరు ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.