బండాయన అడిగిన ఇనాం

నా చిన్నప్పుడు కృష్ణ దాటడమంటే పరదేశం పోవడమే. ఈ ఒడ్డు నిజాముది, ఆ ఒడ్డు ఇంగ్లీషువాళ్లది. అటు పోతే మాటతీరు వేరు, రూపాయి కూడా వేరు. మా హాలి రూపాయిని అక్కడి దుకాణాల్లో ఎవరూ ముట్టుకోరు. వాళ్ల కల్దారు రూపాయలు మార్చుకుని పోవాలి. మాది నల్గొండ జిల్లాలో నది దగ్గరి పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. ఆ పరదేశానికి నేను ఒక్కసారే పోయాను, నా ఏడేళ్లప్పుడు.

మూడేళ్ల మా తమ్ముడికి జ్వరం పట్టి ఎంతకూ తగ్గలేదు. అమ్మ పచ్చి బాలింత, కదిలే స్థితిలో లేదు. బాపు రెండు గొర్రెలమ్మి, కల్దార్లు మార్చుకుని, అవ్వను వెంటబెట్టుకుని తమ్ముణ్ణి ఆ ఒడ్డునున్న దవాఖానకు తీసుకుపోయాడు. ఏడ్చి మొత్తుకుని నేనూ వెంటపడ్డాను. నాకదొక జాతర. ఎంత తెలివితక్కువదాన్నో!

తోలు చుట్టిన గుండ్రటి పడవ, పుట్టి, దాని మీద నది దాటి అటు దిగగానే తల నెరిసిన బండాయన ఒకడు కిరాయికి కుదిరాడు. దారి బాగాలేనిచోట దిగి, ఎద్దుల పగ్గం పట్టుకుని మెల్లగా నడిపించేవాడు, పిల్లవాడికి కుదుపు తగలకూడదని. అక్కడి బండివాళ్లకు ఒక ఆనవాయితీ ఉండేది. తాము తెచ్చిన రోగి బాగై ఇంటికి పోతుంటే రేవులో నలుగురి ముందు ఇనాం అడుగుతారు. ఇచ్చేవాళ్లకూ అది సంబరమే. బాగుకాని వాళ్లను మాత్రం ఎవరూ అడగరు.

మూడోనాడు తెల్లారేసరికి తమ్ముడు పోయాడు. నాకు చెప్పలేదు. అవ్వ వాణ్ణి భుజాన వేసుకుని, కొంగు కప్పి, "పండుకున్నడు బిడ్డా, లేపకు" అంది. తర్వాత తెలిసింది నాకు, శవాన్ని పుట్టి ఎక్కనివ్వరని, ఆ ఒడ్డునే పూడ్చి రావలసిందేనని. ఇంటి దగ్గర అమ్మ కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. ఒక్కసారి వాడి ముఖం అమ్మకు చూపించాలి, బాపుకు అదొక్కటే పంతం. ఎద్దులకు చేటని మిగతా బండివాళ్లు తప్పుకుంటే, ఆ ముసలాయనే బండి కట్టాడు.

రేవులో పుట్టి నడిపేవాడు అవ్వ భుజం వంక అదే పనిగా చూశాడు. "పోరడు కదుల్తలేడేందమ్మా?" అన్నాడు. అవ్వ కొంగు ఇంకాస్త ముందుకు లాగింది. బాపు తల వంచుకున్నాడు. అప్పుడు బండాయన ముందుకొచ్చి అవ్వ ఎదుట చెయ్యి చాచాడు.

"పిల్లోడు గండం గడిచి ఇంటికి పోతన్నాడు. నా ఇనాం ఇవ్వకుండానే పుట్టెక్కుతావేంటమ్మా?" అని అందరికీ వినబడేలా అడిగాడు.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. నడుముకు చెక్కుకున్న సంచి విప్పి, ఒక రూపాయి తీసి ఆ చేతిలో పెట్టింది. కల్దార్లన్నీ మందులకే అయిపోయాయి. అది హాలి రూపాయి. ఆయన దాన్ని చూశాడు, కళ్లకద్దుకున్నాడు. "పిల్లోడు నూరేళ్లు బతకాలి తల్లీ" అని దీవించాడు. అవ్వ నవ్వింది. ఏడిస్తే దొరికిపోతామని నవ్వింది. పుట్టివాడు జరిగి మాకు జాగా ఇచ్చాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. నది నడుమ, "గా ముసలోడు ఎంత ఆశపోతు అవ్వా" అన్నాను. నేను తమ్ముడి కాళ్ల మీది ఈగలు తోలుతూ కూర్చున్నాను.

ఈ ఒడ్డున దిగి, పుట్టి మళ్లీ అటు మళ్లాక అవ్వ ఇసుకలో కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. తమ్ముడు లేడని నాకప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం అమ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని తల దువ్వింది. ఎంతసేపు దువ్విందో! ఎవరూ వద్దనలేదు.

చాలా ఏళ్లకు ఒకనాడు అవ్వే ఆ మాటెత్తింది. "పైసల కోసం అడుగలే బిడ్డా. గా రూపాయి ఆడ చెల్లదని ఆయనకెర్కనే. మనల్ని దాటియ్యనీకె అడిగిండు" అంది. ఆశపోతు అన్న నా నోటిని తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్నేళ్ల కిందట మనవరాలి బలవంతం మీద విదేశ యాత్రకు పోయాను. బస్సులో గైడుకు, డ్రైవరుకు టిప్పు ఎంతివ్వాలి, అసలెందుకివ్వాలి అని మనవాళ్లు ఒకటే వాదన. నేను బయలుదేరే ముందే పట్టుబట్టి ఆ దేశపు నోట్లు మార్పించుకున్నాను. చెల్లని డబ్బు మరొకరి చేతిలో పెట్టడం నావల్ల కాదు. దిగేటప్పుడు డ్రైవరు చెయ్యి చాచాడు. "సిగ్గులేకుండా ఎట్లా అడుగుతున్నాడో చూడండి" అని వెనక ఎవరో అన్నారు. నేను రెండు చేతులతో ఇచ్చాను. కన్నీళ్లు ఆగలేదు. మనవరాలు కంగారుపడింది గానీ, దానికేమని చెప్పను? ఆ రోజు ఒకాయన సిగ్గు విడిచి చెయ్యి చాచబట్టే మా అమ్మ తన కొడుకు తల దువ్వుకుంది.