బాలశౌరి గారి ఖాళీ సీసా

తిరువూరు బస్టాండు దగ్గర మందుల షాపు బాలశౌరి గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పిల్లలకని అమ్మిన యాంటీబయాటిక్ సీసా ఖాళీ అయిందో లేదో కళ్ళారా చూసుకుంటేగాని ఆయనకు అన్నం సయించదు. మందు ఇచ్చేటప్పుడే ఆఖరి రోజు ఎప్పుడో అడ్రసుతో సహా గుర్తుపెట్టుకుంటారు. ఆ సాయంత్రం పాత స్కూటరేసుకుని ఇంటికొచ్చి, "ఏదమ్మా నా సీసా?" అంటారు. సీసా చేతికిస్తే మూత తీసి, అరచేతిలోకి బోర్లించి, అడుగున మూడుసార్లు తడతారు. చుక్క రాలిందా, ఆ ఇంటికి ఆ పూట మూడిందన్నమాటే.

ఆయన షాపు పక్కనే నా జిరాక్స్ షాపు. మధ్యలో ఒకటే గోడ. పన్నెండేళ్ళుగా ఆయన అరుపులూ నేనే వింటున్నాను, ఆయన తిట్టి పంపినవాళ్ళ ఏడుపులూ నేనే వింటున్నాను. ప్రభువు ఈ శిక్ష నాకే ఎందుకు రాసిపెట్టాడో తెలియదు.

ఒకసారి గంపలగూడెం నుంచి ఆదిశేషయ్య గారని పెద్ద రైతు వచ్చాడు.

"జలుబు చేసిందండీ. పోయినసారి వాడానే, ఆ గొట్టం బిళ్ళలు ఓ నాలుగియ్యండి."

"డాక్టరు చీటీ ఏదండీ?"

"చీటీ ఎందుకండీ? పోయినసారి వారంలో తగ్గింది గదా!"

"వేసుకోకపోతే ఎన్నాళ్ళకి తగ్గేది?"

"అదీ వారమేనండి."

"మరి బిళ్ళలెందుకు?"

ఆదిశేషయ్య గారు కాసేపు ఆలోచించి, రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్ళిపోయాడు. అక్కడ అడిగినవాడికి అడిగినన్ని. బాలశౌరి గారు మెట్ల మీదకొచ్చి బస్టాండంతా వినపడేలా కేకేశారు: "ఆదిశేషయ్య గారూ! సగం సగం మింగితే అర్భకపు పురుగులు చస్తాయి, మొండివి మిగుల్తాయి! వాటికి పుట్టేవన్నీ మొండివే! రేపు అదే మందు బిందెడు పోసినా వాటికి పానకమండీ, పానకం!"

ఈ పానకం ఉపన్యాసం వినని మనిషి మా ఊళ్ళో లేడు. ఆధార్ కార్డు జిరాక్సుకని నా దగ్గరికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పేవారు. విని మారినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అంటే, ఒక్కడూ లేడు. ఊరు దాని దారిన అది మందు మింగుతూనే ఉంది, ఎదురు షాపు కిటకిటలాడుతూనే ఉంది. ఈయన షాపులో ఈగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

పైగా ఆడవాళ్ళు ఆయనకో విరుగుడు కనిపెట్టారు. ఆ స్కూటరు సైలెన్సరు ఎప్పుడో ఊడిపోయింది. బండి వీధి మలుపు తిరిగిందంటే చాలు, "అమ్మో, సీసా తాత!" అంటూ మిగిలిన మందు సింకులో గుమ్మరించి, సీసా కడిగి సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. మా వీధిలో మందు కోర్సు పూర్తిచేసినవి ఏవన్నా ఉన్నాయంటే సింకులే.

సీసా పుచ్చుకున్నాక కూడా ఆయన కదిలేవారు కాదు. జేబులోంచి చింతగింజలు పోసిన ఇంకో చిన్న సీసా తీసి, పిల్లల వెనక చేరి గలగలలాడించేవారు. పిల్లలు వెనక్కి తిరిగి కిలకిల నవ్వేవాళ్ళు. ముసలాయన ముచ్చట అనుకునేవాళ్ళం.

ఇక మా ఇంటి సంగతి. మా గ్లోరికి నాలుగేళ్ళు. వానాకాలంలో జ్వరమొచ్చి, చెవి నొప్పని గిలగిలా కొట్టుకుంది. డాక్టరు చెవి లోపల చీము పట్టిందని వారం రోజుల మందు రాశాడు. మూడో రోజుకి జ్వరం పోయింది, పిల్ల గెంతుతోంది.

"నయమైంది గదండీ, ఊరికే మందులు పోస్తే వేడి చెయ్యదూ?" అంది మా ఆవిడ రూత్.

నిజమేననిపించి మానేశాం. కానీ మేం అందరిలా పారబోసే రకం కాదు, పొదుపరులం. ఆఖరి రోజు స్కూటరు చప్పుడు వినగానే మిగతా మందు పాత టానిక్ సీసాలోకి వంచి, ఫ్రిజ్‌లో ఆవకాయ వెనక దాచాం. నీళ్ళు కలిపాక వారం మించి వాడొద్దని ఆయన చెప్పింది చెవికెక్కితేగా! ఖాళీ సీసా బోర్లించి, మూడుసార్లు తట్టి, "శెభాష్ అమ్మాయ్!" అని రూత్‌ని మెచ్చుకుని వెళ్ళారు పిచ్చి మహానుభావుడు.

నెల తిరక్కుండా మళ్ళీ నొప్పి. ఆవకాయ వెనక మందే మూడు పూటలు పోశాం. ఇంకోసారి నొప్పొస్తే, ఆయన మొహం చూడలేక ఎదురు షాపులో కొని రెండు రోజులు పోశాం. తర్వాత చీము కారి దిండంతా అయ్యేది. ఆ పైన పిల్ల మొండికెత్తింది. పిలిస్తే పలకదు. టీవీ సౌండు చెవులు పగిలేలా పెడుతుంది. "ఎన్నిసార్లు పిలవాలే?" అని వీపు మీద ఒకటిచ్చాను కూడా. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు అది నా షాపులో కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. బాలశౌరి గారు వెనకనుంచి వచ్చి గింజల సీసా ఆడించారు. పిల్ల తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా ఆడించారు. పెన్సిలు కూడా ఆగలేదు.

"ఎన్నాళ్ళనుంచిరా జయకరూ?" అన్నారు మెల్లగా.

"ఏంటి బాబాయ్?"

"పిల్లకి వినపడక."

టానిక్ సీసా, ఆవకాయ, ఎదురు షాపు అన్నీ కక్కేశాను. ఊరంతా అదిరేలా తిడతారనుకుని కళ్ళు మూసుకున్నాను. తిట్టలేదు. అప్పుడు వేసింది నాకు అసలు భయం.

"రేపు ఫస్ట్ బస్సుకి బెజవాడ పోదాం. నేనూ వస్తా" అని షాపులోకి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళలో ఆ షట్టరు పనిరోజున మూసి ఉండటం మర్నాడే మొదటిసారి చూశాను.

చెవి డాక్టరు చీము తీసి పరీక్షకి పంపాడు. కర్ణభేరికి చిన్న చిల్లు పడిందనీ, లోపల చీము నిండి వినికిడి తగ్గిందనీ చెప్పాడు. ఏ మందులకి లొంగుతుందో రిపోర్టు వస్తేగాని తెలియదన్నాడు. "మళ్ళీ వినపడుతుందా సార్?" అంటే, "మూడు నెలలు చూద్దాం, ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నాడు. తిరుగు బస్సులో ఎ.కొండూరు దాటేదాకా రూత్ ఏడుస్తూనే ఉంది. నాకూ ఏడవాలనే ఉంది.

"ఇంతకీ ఆ ఖాళీ సీసాల గోల ఏంటి బాబాయ్?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"సీసా ఎవడిక్కావాల్రా! చెవి నొప్పొచ్చిన పిల్లలకి వినపడుతోందో లేదో చూసుకోవాలిగా. నేనేమన్నా డాక్టర్నా, చెవులు చూస్తానంటే ఎవరు రానిస్తారు? పిచ్చి ముసలాడు సీసా అడిగితే గుమ్మంలోకి రానిస్తారు."

"మరి మేమంతా మోసం చేసి పారబోస్తుంటే..."

"సింకుల దగ్గర తియ్యటి వాసన రాదనుకున్నావా?" అన్నారు.

రిపోర్టు వచ్చింది. మేం పోసిన మందు పేరుకెదురుగా పనిచెయ్యదని ఉంది. మొత్తం జాబితాలో పనిచేసేవి రెండే మిగిలాయి. డాక్టరు అందులో ఒకటి రాశాడు. ఈసారి సీసా మా ఫ్రిజ్‌లో పెట్టలేదు, ఆయన షాపు ఫ్రిజ్‌లోనే ఉంది. పొద్దునా సాయంత్రం ఆయనే తెచ్చి, పోసి, మింగించి వెళ్ళేవారు. మమ్మల్ని నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. చీము ఆగింది. వినికిడి మాత్రం అలాగే ఉంది. నెల గడిచింది, రెండు గడిచాయి. ఆదివారం ఆదివారం ఆయన రావడం, గింజలు ఆడించడం, పిల్ల తిరక్కపోతే సీసా జేబులో వేసుకుని వెళ్ళిపోవడం. నేను ఆశ వదిలేసుకున్నాను.

మూడో నెలలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కూర్చున్నాం. నేలమీద బొమ్మలు వేస్తున్న గ్లోరి తలెత్తింది.

"అమ్మా, సీసా తాత బండొస్తోంది!"

చెవులు రిక్కించాను. ఫ్యాను చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. "ఏ బండీ లేదే" అనబోయేసరికి, వీధి మలుపులో ఫటఫటమంటూ మొదలైంది. రూత్ అలవాటు కొద్దీ సింకు వైపు పరిగెత్తి, మధ్యలో ఆగి, అక్కడే నిలబడి ఏడ్చేసింది.

ఆయన లోపలికొచ్చి జేబులో చెయ్యి పెట్టారు.

"ఆ గింజలు అక్కర్లేదు బాబాయ్. నాకంటే ముందు నీ బండి దానికి వినపడింది."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు.

"అదంతా సరే. ఖాళీ సీసా ఏదీ?"

"నీ ఫ్రిజ్‌లోనే ఉంది గదా బాబాయ్!"

ఆయన గతుక్కుమన్నారు. ఊరందరి సీసాలూ బోర్లించారుగాని, ఆ ఒక్కటి మాత్రం బోర్లించినట్టు గుర్తులేదట. పెట్టిన టీ కూడా తాగకుండా స్కూటరెక్కి షాపుకి పరిగెత్తారు.

బండి చప్పుడు దూరమై, నాకు వినపడటం ఆగిపోయింది. "వెళ్ళిపోయాడమ్మా తాత, లోపలికి రా" అన్నాను.

గ్లోరి గుమ్మంలోంచి కదల్లేదు.

"ఇంకా వినపడుతోంది నాన్నా" అంది.