పీట ఎక్కిన విమానం

“కోసినాక మళ్లీ అతుకుతాదా? అది చెప్పు ముందు.”

“అతుకుతాదన్నా. అతికేదానికే కదా ఈ ముక్కలు తెప్పించింది.”

“బాగుండేదాన్ని రెండు తుండాలు చేసి మళ్లీ అతికేదానికి నీకేమన్నా పిచ్చారా?”

“పిచ్చే అనుకో. ఒంటి సీటుది నాకొద్దు. మనం కూచున్నది అది కాదు.”

“ఎప్పుడో కూచుంటే ఇప్పుడేమి? ఆ రంపం ఆడ పెట్టు.”

“నువ్వే వచ్చి పెరుక్కో, పో.”

ఆయుధ పూజ పొద్దున, కడిగిన పీట మీద నేను ముగ్గు వేస్తుంటే, అన్నదమ్ములిద్దరూ నా తల మీదుగా ఇట్లా వాదులాడుకున్నారు. అన్న మా ఆయన. పెరంబూరులో రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. తమ్ముడు మా మరిది. హార్బరు దగ్గర ఓడల ఆఫీసులో గుమాస్తా, అప్పటికింకా పెళ్లి కాలేదు, మాతోనే ఉండేవాడు. పోట్లాట ఇంటి గురించీ కాదు, నగల గురించీ కాదు, జానెడు పొడవున్న ప్లాస్టిక్ విమానం గురించి. ఇది తొంభైల మొదట్లో మాట.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అమ్మాయి వాళ్లు షోళింగనల్లూరులో ఫ్లాటుకు మారినప్పుడు నేనూ సామానుతో పాటు మారాను. అద్దాల బీరువాలో సర్దుతూ మా మనవరాలు ఆ విమానాన్ని చేతిలోకి తీసుకుని, కడుపు మీద వేలు రాసి, ఈడ అతుకు తగులుతోంది అవ్వా, దాని పక్కన ఏదో ఎర్రటి మరక కూడా ఉంది, మక్కుతో సందు పూడ్చి నున్నగా తోమి రంగేస్తాను అంది. వద్దన్నాను. ఎందుకని అడిగింది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, విషయం నాలుగు ముక్కల్లో చెప్పడం నాకు రాదు, అందుకే ఇట్లా రాస్తున్నాను. నా ఈడు వాళ్లు ఎవరైనా చదివితే ఓపిక పట్టండి.

మా ఆయన, మా మరిది పిల్లలుగా ఉన్నప్పుడు ఎక్కడో విమానాలు చూపించే వేడుకకు పోయారట. అక్కడెవరో దయగల అధికారి వీళ్లిద్దరినీ ఎత్తి, కొత్తగా చేరినవాళ్లకు విమానం తోలడం నేర్పించే రెండు సీట్ల విమానంలో కూర్చోబెట్టాడట, ముందు అన్న, వెనక తమ్ముడు. విమానం నేల మీద నుంచి అంగుళం లేవలేదు. అయినా నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ మోజుతోనే పెద్దయ్యాక పరదేశపు సరుకు అమ్మే బర్మాబజారులో, ముక్కలుగా వచ్చే బొమ్మ విమానాల డబ్బాలు కొనుక్కొచ్చి, ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చుని అతికేవాళ్లు. ఆ జిగురు వాసనకు నాకు తలనొప్పి వచ్చేది. ఆ డబ్బుకు బియ్యం వస్తుంది కదా అని సణిగేదాన్ని కూడా, అందులో దాచేదేమీ లేదు.

డబ్బాల్లో ఆ విమానం దొరికేది, కానీ ఒంటి సీటుది. రెండు సీట్లది ఎవరూ చేయలేదట. అయితే పరదేశంలో ఎవరో చిన్న చిన్న కార్ఖానాల వాళ్లు పొడుగు ముక్కు, రెండో సీటు, దాని మీదికి అద్దం మూత, వీటిని మాత్రం విడిగా పోత పోసి అమ్ముతారని మా మరిది కనిపెట్టి, తెలిసిన ఓడ మనిషి చేత తెప్పించాడు. వెన్న రంగులో, గట్టిగా, పాలపళ్ల మాదిరి ముక్కలు. వాటిని వాడాలంటే డబ్బాలో వచ్చిన విమానం ముక్కు కోసి పారేసి, అక్కడ వీటిని అతకాలి. విమానం లేకుంటే ఆ ముక్కలు దేనికీ పనికిరావు. ముక్కలు లేకుంటే అది వాళ్లు కూర్చున్న విమానం కాదు.

ఆ విమానమేమో మా ఆయన దగ్గర ఉండేది. ఒళ్లు అప్పటికే అతికించి, తోమి, రెక్కలు పెట్టకుండా కిటికీలో ఎండకు పెట్టుకున్నాడు. వర్క్‌షాపు మనిషి కదా, చెడిపోయినదాన్ని బాగు చేయమంటే ప్రాణం పెడతాడు, బాగున్నదాన్ని కోయమంటే చేయి రాదు. నేనూ ఆయన పక్షమే. చినిగిన చీరను బొంతగా కుట్టినదాన్నే గానీ, కొత్త చీరను చింపి రవిక కుట్టినదాన్ని కాదు.

ఎప్పుడూ ఉండే తగువే అయితే దానిపాటికి అది చల్లారేది. కానీ మా మరిదికి విశాఖపట్నం బదిలీ అయింది. మర్నాడు, దశమి సాయంత్రమే రైలు. పుట్టినప్పటి నుంచి ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు మాటలు లేకుండా విడిపోతారేమోనని నాకు భయం పట్టుకుంది. మగవాళ్ల పంతాలు నాకు తెలుసు. మా పుట్టింట్లో ఇట్లాగే ఏదో చిన్న మాట మీద విడిపోయిన అన్నదమ్ములు ముసలివాళ్లయ్యేదాకా కలవలేదు.

పూజ వేళయింది. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, పని చేసేది ఏదైనా పీట ఎక్కాలి, కత్తిపీట, కత్తెర, సుత్తి, మా ఆయన స్పానర్లు, అన్నీ. ఆ రోజంతా వాటిని ఎవరూ తాకకూడదు. మర్నాడు దశమి పొద్దున పీట మీద ఉన్న ప్రతి వస్తువుతోనూ కొంచెమైనా పని చేయాలి. ఊరికే దించి లోపల పెట్టేస్తే ఏడాదంతా ఆ పని సాగదని మా అత్తగారి మాట. మిగతా పూజలకు మా ఆయన తల ఊపి ఊరుకునేవాడు గానీ, దీన్ని మాత్రం దాటేవాడు కాదు.

మా మరిది విసిరేసి పోయిన రంపం తీసి పీట మీద పెట్టాను. కంసాలి వాళ్ల దగ్గరుండే సన్న రంపం అది. దాని పక్కనే వెన్న రంగు ముక్కలు పెట్టాను. కిటికీలో నుంచి విమానం ఒళ్లు తెచ్చి అదీ పెట్టి, అన్నిటితో పాటు దానికీ గంధం రాసి, తడి కుంకుమ బొట్టు పెట్టాను. హారతి వేళకు వచ్చి చూసిన మా ఆయన ముఖం మాడిపోయింది. ప్లాస్టిక్కుకు కుంకుమ పడితే పోదట. నాకేం తెలుసు.

“ఇది పని సామానా? దీన్నెందుకు పెట్టినావు?” అన్నాడు.

“రంపం పెట్టినాక అది కోసేది పెట్టొద్దా?” అన్నాను.

మా మరిది గంట వాయించడం ఆపి నా వైపు చూశాడు. హారతి ఇచ్చి, బొరుగులు, బెల్లం అందరికీ పెట్టాను.

ఆ పగలంతా ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. వదినా, అన్నను బొరుగులు కావాలేమో అడుగు అని ఒకరు, వాడి రైలు ఎన్నింటికో కనుక్కో అని ఇంకొకరు, ఇద్దరికీ మధ్య గది వెడల్పు కూడా లేదు. మధ్యాహ్నం మా మరిది పరుపు చుట్ట కట్టుకుంటుంటే తాడు ఎక్కువైంది. కోద్దామంటే కత్తెరా, కత్తిపీటా పూజలో ఉన్నాయి. మిగిలిన తాడు కాళ్లకు చుట్టుకుంటుంటే వాడు తంటాలు పడుతున్నాడు. మా ఆయన లేచి వెళ్లి, తమ్ముడి చేతిలో నుంచి తాడు తీసుకుని, మడతలు పెట్టి ముడి వేసి, మోకాలితో అదిమి చూసి, వచ్చి తన చోట కూర్చున్నాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లోనూ ఆయుధ పూజ చేస్తారు. కంప్యూటరుకు బొట్టు పెడతారు, హారతి కాగానే దాన్ని తుడిచి పనికి కూర్చుంటారు. ఒక రాత్రి వస్తువును తాకకుండా ఉండే తీరిక ఎవరికీ లేదు, వాళ్లను అని లాభమూ లేదు. ఏది కావాలంటే అది తయారుగా గుమ్మంలోకి వస్తోంది. ఉన్నదాన్ని కోసి, కావలసినట్టు అతుక్కునే అవసరం రాదు. మా ఆయన లేరు. మా మరిది దశమి దశమికి ఫోను చేసి, విమానం ఎట్లా ఉంది వదినా అని అడుగుతాడు. ఈసారి అడిగితే, అతుకు కనిపిస్తోందని నీ మనవరాలు రంగు వేయబోయింది, నేను వేయనివ్వలేదని చెబుతాను.

ఆనాటి దశమి పొద్దున అన్నదమ్ములిద్దరూ స్నానాలు చేసి వచ్చారు. నేను దీపం వెలిగించి, పూజ ముగిసినట్టుగా పీటను కొంచెం కిటికీ వైపు జరిపాను. మా ఆయన స్పానరుతో కిటికీ బోల్టు ఒకటి బిగించాడు, నేను కత్తిపీట మీద ఒక టెంకాయ చిప్ప కోశాను. అన్నీ అయ్యాక ఆయన విమానం ఒళ్లు తీసి, నా పాత చీర పేలిక చుట్టి, కిటికీ గట్టు మీద పెట్టి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. రంపం వైపు గడ్డం చూపించాడు. మా మరిది తీసుకుని, బొట్టు పక్కన ఆనించాడు.

“మెల్లిగా కొయ్యరా,” అన్నాడు మా ఆయన.

మా మరిది మెల్లిగానే కోశాడు. తెల్లటి పొడి ముగ్గు మీద రాలింది. తెగిన ముక్కు దొర్లి నా కాళ్ల దగ్గర పడితే, పారేయడం ఇష్టంలేక తీసి ఆవాల డబ్బాలో వేశాను.