రెక్క మూసిన ముహూర్తం

ఎనభైల మొదట్లో, కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో మేం ఇల్లు కొన్న కొత్తల్లో, మా ఆయనకి విమానం పిచ్చి పట్టింది. కొనడం కాదు, కట్టడం. ప్లాన్లు పోస్టులో తెప్పించుకున్నారు, అల్యూమినియం రేకులు లారీలో తెప్పించుకున్నారు. కార్లు రెండూ బయట ఎండకి మాడుతుంటే గరాజ్‌లో నీడన రెక్క పడుకుని ఉండేది. పోనీ ఆయనేమన్నా విమానాలు చదివారా అంటే, సివిల్ ఇంజినీరు. కాంక్రీటు పోసే మనిషి. కదలకుండా నిలబడేవి కట్టడం నేర్చుకున్నవాడికి ఎగిరేదాన్ని కట్టాలన్న బుద్ధి ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ అంతుపట్టదు. అడిగితే, "ఈ దేశంలో ఎవరి విమానం వాళ్ళు కట్టుకోవచ్చు, రూలుంది" అనేవారు. రూలుంటే మాత్రం? ఎవరి గెడ్డం వాళ్ళు తీసుకోవచ్చు కూడా, వారానికోసారి కూడా తీసేవారు కాదు.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరుని. రోజూ సన్నీవేల్ దాకా డ్రైవ్ చేసి ఒక కంపెనీలో కేబుళ్ళ డిజైన్ చూసేదాన్ని. "వైరింగ్ నీదే" అన్నారు మా ఆయన, వరమిచ్చినట్టు. పోనీలే, నేను చెయ్యకపోతే ఈయనే చేసి ఇల్లు తగలబెడతారని ఒప్పుకున్నాను.

రెక్క లోపల ఎలా ఉంటుందో చెప్పాలి. పక్కటెముకల్లా అడ్డంగా నిలబెట్టిన రేకులు, ఒక్కో రేకుకీ ఒక చిల్లు. రెక్క చివరి లైటుకీ, కింద దిగేటప్పుడు వేసే పెద్ద లైటుకీ వెళ్ళే వైర్లు ఆ చిల్లుల్లోంచి దూరి వెళ్ళాలి. చిల్లు అంచు బ్లేడులా ఉంటుంది. ఇంజిన్ తిరుగుతుంటే విమానమంతా వణుకుతుంది, వణికినప్పుడల్లా ఆ అంచు వైరు పైతొడుగుని కాస్త కాస్త కోస్తుంది. అందుకని ప్రతి చిల్లుకీ ఒక రబ్బరు రింగు తొడగాలి. ఆ వైర్ల పక్కనే, అదే రెక్కలో, పెట్రోలు ట్యాంకు. వైరు తొడుగు పోయి రాగి బయటపడి రేకుకి తగిలితే నిప్పురవ్వ. ఇది అర్థం కావడానికి నా డిగ్రీ అక్కర్లేదు, వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

వైర్లన్నీ లాగాను. రింగులన్నీ తొడిగాను, ట్యాంకు పక్క రేకులకి తప్ప. అక్కడి చిల్లులు పెద్దవి, మేం ఆర్డర్ చేసిన రింగులు చిన్నవి వచ్చాయి. మళ్ళీ ఆర్డర్ చేశాం, వారంలో వస్తాయన్నారు. వారం ఆగితే అయిపోయేది. ఆగారా? ముహూర్తం ఆగనిస్తేగా!

అప్పుడు మా మావయ్యగారు మా దగ్గరే ఉన్నారు. ఆరు నెలలకని వచ్చారు. పాపం ఆయనకి ఇక్కడ పనేముంది, నడిచి వెళ్ళడానికి ఒక కొట్టు లేదు, టీవీలో ఒక్క ముక్క అర్థం కాదు. సూట్‌కేసులో పంచాంగం తెచ్చుకున్నారు, అదే కాలక్షేపం. మేం వాక్యూమ్ క్లీనర్ కూడా తిథి చూసుకునే కొన్నాం. ఇక కొడుకు విమానం రెక్కకి పై రేకు వేసి మూస్తాడంటే ఊరుకుంటారా? పంచాంగం విజయవాడది, టైము కాలిఫోర్నియాది. గంటలు కూడి, తీసి, మళ్ళీ కూడి, ఆదివారం పొద్దున దివ్యమైన ముహూర్తం ఉంది, అది దాటితే మూఢం, ఇక రెండు నెలలదాకా మంచిరోజే లేదని తేల్చారు. గ్రహాలకి అల్యూమినియంతో ఏం పనని నేనడిగితే వినిపించుకోలేదు.

"ఏమండీ, రింగులు రాలేదు. మూయడానికి వీల్లేదు" అన్నాను శనివారం.

"టేపు చుడతాలే. నల్లటేపు. గట్టిగా ఉంటుంది."

"ఎండకి టేపు జిగురు కరిగి జారిపోతుంది. రెక్క ఎండలో పెనంలా కాలుతుంది."

"కరగదు."

"మీకెలా తెలుసు?"

"నాన్నగారు అందర్నీ పిలిచేశారు" అన్నారు. అదీ జవాబు! టేపు ఎందుకు కరగదయ్యా అంటే, నాన్నగారు అందర్నీ పిలిచేశారు కనక. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు కుటుంబాలు అప్పట్లో ఎన్నుంటాయి, ఆ ఉన్నవాళ్ళంతా ఆదివారం వచ్చారు. పులిహోర తెచ్చారు, గులాబ్‌జామ్ తెచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరల్లో గరాజ్‌లో నిలబడ్డారు, నూనె మరకలకి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని. రెక్కకి పసుపు రాసి బొట్టు పెట్టారు. డ్రైవ్‌వే మీద కొబ్బరికాయ కొట్టారు. ఎదురింటాయన పచ్చిక కోసే మిషన్ ఆపేసి మరీ చూశాడు.

మావయ్యగారికి ఇంకో గొప్ప ఊహ తట్టింది. వచ్చిన ప్రతి జంటా ఒక్కో రివెట్, అదే రేకుల్ని బిగించే మేకులాంటిది, కొట్టాలిట, ఆశీర్వాదంగా. పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు వరసలో నిలబడి ఒక్కొక్కళ్ళూ రివెట్ గన్ అందుకుని పై రేకుని ఎముకలకి బిగించడం మొదలుపెట్టారు. జీవితంలో గోడకి మేకు కొట్టనివాళ్ళు కూడా కొట్టారు. ఫోటోలు తీసుకున్నారు.

నేను ఆగలేక అందరిముందే అన్నాను. "మావయ్యగారూ, ట్యాంకు దగ్గర రింగులు లేవు. వైరు తెగితే నిప్పంటుకుంటుంది. ఆ పక్కన ఇవాళ మూయకండి."

మావయ్యగారు నాకేసి చూసిన చూపు! "శుభమా అని మూస్తుంటే ఆ మాటలేంటమ్మా? నిప్పేంటి, తెగడమేంటి? తథాస్తు దేవతలుంటారు" అన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పోనిద్దురూ, ఇప్పుడెందుకు" అంటూ వంటింట్లోకి లాక్కుపోయింది. నిప్పంటుకోవడం తప్పు కాదు, నిప్పు అనడం తప్పు! నేను మా ఆయన వైపు చూశాను. తల వంచుకుని రివెట్లు సర్దుతున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

రెక్క మూశారు. స్విచ్చి వేస్తే లైట్లు వెలిగాయి, చప్పట్లు కొట్టారు. "చూశావా" అన్నారు మావయ్యగారు. తొడుగు కోసుకుపోయేది ఎగిరాక కదా, గరాజ్‌లో వెలగకేం చేస్తాయి? కానీ ఎవరితో చెప్పను?

విమానం ఊరిచివరి చిన్న ఎయిర్‌పోర్ట్‌కి చేరింది. ఇంజిన్ పెట్టారు, ఇన్‌స్పెక్టర్ వచ్చి కనిపించేదంతా చూశాడు. మూసిన రెక్కలోకి ఆయన మాత్రం ఎలా చూస్తాడు? చివరికి ఎగిరింది. కొడుకు ఎగరడం కళ్ళారా చూసి మావయ్యగారు ఆనందంగా ఇండియా వెళ్ళిపోయారు. కొత్త విమానంలో మొదటి కొన్ని నెలలు నడిపేవాడు ఒక్కడే ఎగరాలని రూలు. ప్రతి శనివారం మా ఆయన ఒక్కరే వెళ్ళేవారు. లైట్లు వేసుకునే ఎగిరేవారు, పగలైనా మిగతా విమానాలవాళ్ళకి కనపడాలని. నేను ఇంట్లో పప్పు కలుపుతూ చెవి ఫోన్ మీద పెట్టుకుని ఉండేదాన్ని. ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. ఇంటికొచ్చాక వారం వారం అదే పాట పాడేదాన్ని: "ఆ రెక్క విప్పండి."

"ఫ్యూజ్ ఉందిగా" అనేవారు.

"ఫ్యూజ్ పోయేది నిప్పురవ్వ పుట్టాకేనండీ!"

"అంతమంది కొట్టిన రివెట్లు పీకేస్తే నాన్నకి ఏం చెప్పను?" మహానుభావుడు! ట్యాంకు పేలితే ఏం చెబుతారో మాత్రం ఆలోచించలేదు.

నెలలు గడిచాయి, పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చన్నారు. నేను ఎక్కనన్నాను. మా వాళ్ళందరిలో అదొక వేళాకోళం అయింది, కట్టుకున్న పెళ్ళామే ఎక్కట్లేదని. అప్పుడు మా అమ్మాయి అంది, తొమ్మిదేళ్ళది, "నాన్నా, నేను వస్తా. అమ్మ స్కేర్డ్, నేను కాదు." ఆయన మొహం వెలిగిపోయింది. "పిల్లకున్న ధైర్యం నీకు లేదు" అన్నారు నాతో. ఇల్లెగిరిపోయేలా అరిచాను. మర్నాడు పొద్దున్నే నేను స్నానం చేస్తుండగా పిల్లని తీసుకుని వెళ్ళిపోయారు.

తడిజుట్టుతో కారెక్కాను. ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వెళ్ళేసరికి విమానం బయట నిలబెట్టి ఉంది, పిల్ల లోపల కూర్చుని ఉంది, పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని. రెక్కల చివర లైట్లు వెలుగుతున్నాయి. ఆయన బెల్టు దగ్గర వంగి ఉన్నారు. పిల్లని బయటికి లాగెయ్యాలని పరిగెత్తాను. దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆయన బెల్టు పెట్టడం లేదు. తీస్తున్నారు. బకిల్ రావట్లేదు, రెండు చేతులతో లాగుతున్నారు.

"ఇవాళొద్దమ్మా. రెక్కలో కొంచెం పనుంది" అంటున్నారు దాంతో.

పిల్లని దింపి నా చేతికిచ్చారు. లైట్లు ఆర్పి, విమానాన్ని షెడ్డులోకి నెట్టుకుపోయి, డ్రిల్ తీసి, ఒక్కో రివెట్‌నీ తొలిచేయడం మొదలుపెట్టారు. నేను వెనకాలే నిలబడ్డాను. రేకు ఎత్తాక టార్చి వేశాను. టేపు జిగురు కారి, ముడుచుకుని కిందికి జారిపోయి ఉంది. ట్యాంకు పక్క వైరు తొడుగు కోసుకుపోయి, వేలి గోరంత మేర రాగి ఎర్రగా కనిపించింది.

నేను రాగి కేసి చూడలేదు, ఆయన కేసి చూశాను. ఆయనకి ఆశ్చర్యం లేదు.

"ఇలా ఉంటుందని తెలుసా మీకు?"

"అనుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చెప్పిన రోజు నుంచే. నువ్వు చెప్పింది కరెక్టే కదా. నాన్న ముందు, అంతమంది ముందు ఎలా ఒప్పుకోను? తర్వాతేమో..." ఆగి, టార్చి వెలుగులోంచి పక్కకి జరిగి అన్నారు, "ఒక్కణ్ణేగా ఎగురుతోంది అనుకున్నా."

ఒక్కణ్ణేగా!

చెంప పగలగొట్టాలనిపించింది. "ఏమండీ, పిల్లకేమన్నా అవుతుందేమోనని బెల్టు విప్పారు మీరు. మీకేమన్నా అయితే అది నాకు కాదా? దానికి కాదా? ఇన్ని శనివారాలు నేనింట్లో ఎవరికోసం చచ్చానండీ?" అన్నాను. ఆయన కింద కూర్చుని రివెట్ల పొట్టు చేత్తో ఊడుస్తూ ఉండిపోయారు.

రింగులు నేనే తొడిగాను, తొడుగు పోయిన వైరు మార్చాను, రేకు మళ్ళీ మేమిద్దరమే మూశాం. మా అమ్మాయి తర్వాత చాలాసార్లు ఎక్కింది, నేనే పంపాను. నేను మాత్రం ఎక్కలేదు. భయమని అందరూ నవ్వేవారు, నవ్వనిచ్చాను. ఆ రెక్కలో ప్రతి అంగుళం నాకు తెలుసు, దాని మీద నాకే భయమూ లేదు. తను ఒక్కణ్ణే అనుకునే మనిషి పక్కన కూర్చోవడానికి నాకు మనసు రాలేదు.