మూడు రోజుల పెద్దవాడు

వయసు దాచుకునేవాళ్ళను చాలామందిని చూశాను. డెబ్బై ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసినవాణ్ణి మాత్రం మా ఊరు అల్వర్‌స్టన్‌లో ఒక్కణ్ణే చూశాను. పేరు నెవిల్ ట్రాస్క్. బంగాళాదుంపల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి పెట్టే మా ట్రయథ్లాన్ క్లబ్బులో పన్నెండేళ్ళ కిందట చేరాడు. నేను అక్కడ ఇరవై ఏళ్ళుగా గడియారం పట్టుకుని టైము రాస్తున్న గ్లెనిస్‌ని.

నెవిల్ కష్టాలన్నిటికీ కారణం అతని చిన్ననాటి స్నేహితుడు రాస్ పింకర్డ్. పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. జూన్ నుంచి ఆగస్టు దాకా, మా దక్షిణార్ధగోళపు చలికాలమంతా కుర్చీలో కూర్చుని ఫుట్‌బాల్ చూసి, అక్టోబరులో సైకిలు టైర్లకు గాలి కొట్టి, నవంబరులో మా పెద్ద పోటీ గెలిచి వెళ్ళిపోతాడు. కొందరికి ఒళ్ళు అలా రాసిపెట్టి ఉంటుంది, ఏం చేస్తాం.

నెవిల్ పుట్టింది డిసెంబరు ముప్పైన. రాస్ పుట్టింది ఆ తర్వాత జనవరి రెండున. మా పోటీల్లో ఐదేళ్ళ వయసుకో గుంపు ఉంటుంది. ఆ ఏడాది డిసెంబరు ముప్పై ఒకటికి ఎన్నేళ్ళు నిండుతాయన్నదే లెక్క. అందువల్ల మూడు రోజుల తేడా కాగితం మీద ఏడాది అయి కూర్చుంటుంది. ఐదేళ్ళలో నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే గుంపులో పడతారు, రాస్ మొదట వస్తాడు, నెవిల్ తర్వాత వస్తాడు. మిగిలిన ఒక్క ఏడాది నెవిల్ పై గుంపుకి వెళితే రాస్ కిందే ఉండిపోతాడు. నెవిల్ గెలవాలంటే ఆ ఏడాదే గెలవాలి.

అరవైలో అలాంటి ఏడాది వస్తే నదికి వరదొచ్చి పోటీ రద్దయింది. అరవై ఐదులో ఆపిల్ కొమ్మలు కొడుతూ నిచ్చెన మీంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇక మిగిలింది డెబ్బై. క్లబ్బు గోడ మీద గెలిచినవాళ్ళ పేర్లు చెక్కే పలక ఉంది. దాని మీద తన పేరు ఒక్కసారైనా ఉండాలన్నది అతని పట్టుదల. ఇప్పుడు కాకపోతే డెబ్బై ఐదులో చూసుకోవచ్చు కదా అన్నాను. అప్పటికి పలక ఉంటుంది గానీ నేనుండొద్దూ అన్నాడు.

ఏప్రిల్‌లో సీజన్ ముగియగానే మేనకోడలు టామ్సిన్ చేత చలికాలానికి ప్లాన్ రాయించుకున్నాడు. ఆ పిల్ల ఫిజియో. మొదటి నెల ఏమీ చేయొద్దని, విశ్రాంతిలోనే ఒళ్ళు బాగుపడుతుందని చెప్పింది. మనవాడు దాన్నీ శిక్షణే అనుకున్నాడు. "ఉదయం ఆరు నుంచి ఏడు: ఏమీ చేయలేదు" అని నెల రోజులు డైరీలో రాసుకున్నాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు బరువులు, పెంగ్విన్ అనే పక్క ఊరి దాకా నింపాదిగా సైకిలు. ముసలి కండకు మాంసకృత్తులు ఎక్కువ కావాలని, కసరత్తు చేసిన అరగంటలోపు తినాలని టామ్సిన్ అంది. అప్పటినుంచి కోటు జేబులో ఉడకబెట్టిన గుడ్లు లేకుండా గడప దాటలేదు.

జూలైలో డెబ్బై దాటినవాళ్ళ గుంపులోని క్లైవ్ పోయాడు. నెవిల్ ఈతకొలను నుంచి తిన్నగా చర్చిలో అంత్యక్రియలకు వచ్చాడు. అరగంట దాటిపోతుందని, అందరూ లేచి పాడుతుంటే వెనక బల్ల మీద కూర్చుని రెండు గుడ్లు తిన్నాడు. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చి, ఇక ఆ గుంపులో ఎంతమంది మిగిలారని మెల్లగా అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వూ డెస్సూ ఇద్దరే, అతనికి తుంటి నొప్పి, సంతోషించు అన్నాను. మనిషి నిజంగానే సంతోషించాడు.

ప్రతి శుక్రవారం ఈతయ్యాక స్నేహితులిద్దరూ బేకరీలో సముద్రపు ఆల్చిప్పల కూర నింపి కాల్చిన స్కాలప్ పై తినేవాళ్ళు. వారానికొకటి తింటే ఏం కాదని టామ్సిన్ చెప్పినా నెవిల్ ఆ పై తినడం మానేశాడు, దాంతోపాటు రాస్‌నీ మానేశాడు. రాస్ ఒక్కడే కూర్చుని రెండు తినేవాడు.

"వాడు నా గుంపులోంచి పోతున్నాడా, ఊళ్ళోంచి పోతున్నాడా?" అని ఒకరోజు నన్నడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ నాకు జాలేసింది.

పోటీ రోజు పొద్దున్నే డెస్ రాలేనని ఫోన్ చేశాడు. డెబ్బై ఏళ్ళ గుంపులో నెవిల్ ఒక్కడే మిగిలాడు. దారిలో కునుకు తీసినా మెడల్ నీదేలే అని అందరూ ఆటపట్టించారు. అతను మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టే ఈదాడు, తొక్కాడు, పరుగెత్తాడు. గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు. గుంపుకీ గుంపుకీ పది నిమిషాల ఎడంతో వదులుతాం కాబట్టి చూసేవాళ్ళకేమీ తెలియలేదు. రాస్ టైము గంటా ముప్పై. నేను రెండుసార్లు సరిచూశాను. పన్నెండేళ్ళలో మొదటిసారి నెవిల్ రాస్‌ను దాటేశాడు.

మెడల్ వేస్తున్నప్పుడు, ఇంతకీ ఎవర్ని ఓడించావయ్యా అని వెనకనుంచి ఎవరో అడిగారు. అంతా నవ్వారు, రాస్ కూడా. నెవిల్ నా బల్ల దగ్గరికొచ్చి ఫలితాల కాగితం చదివాడు. రాస్ వరుస మీద వేలు పెట్టి తన టైముతో పోల్చి చూసుకున్నాడు.

"గ్లెనిస్, నన్ను కింది గుంపులో రాయకూడదూ?"

"ఏంటీ?"

"ఇవాళ్టికే. నిజానికి నాకింకా అరవై తొమ్మిదేగా. పుట్టినరోజే రాలేదు."

అదీ నిజమే. ఆ రోజున ఇద్దరికీ అరవై తొమ్మిదే.

"రూలు నీకు తెలుసుగా నెవిల్," అన్నాను.

"తెలుసులే."

అప్పుడే మైకులో అరవై ఐదు గుంపు విజేత అంటూ రాస్‌ని పిలిచారు. నెవిల్ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఇరవై ఏళ్ళు ఒక్క అంకె మార్చనిదాన్నని గొప్పలు పోయేదాన్ని. ఆ క్షణంలో ఆ రూలు రాసినవాడు కనబడితే చెంప పగలగొట్టేదాన్ని.

"పోనీ, వాడికి నేను చెప్పనా?" అన్నాను.

నెవిల్ కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"వద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. వచ్చే ఏడు వాడు నా గుంపులోకొస్తాడు. ఇది తెలిసిందంటే చలికాలం ప్రాక్టీసు మొదలెడతాడు."

నేను ఆ కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఫలితాలు గోడకు అంటించకుండా ఇంటికి వెళ్ళాను.